సైన్స్ ఫెయిర్ కోసం మా పాప ఇంట్లో బ్యాక్టీరియా పెంచుతోంది, పర్వాలేదా?

గోదారి_అమ్మ (ఏలూరు), శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి. వచ్చే నెల వాళ్ల బళ్లో సైన్స్ ఫెయిర్. బాగా చేసినవాళ్లని జిల్లా స్థాయికి పంపుతారట. "మనం రోజూ ముట్టుకునే వస్తువుల మీద ఎన్ని సూక్ష్మజీవులు ఉంటాయి" అన్నది తను ఎంచుకున్న ప్రాజెక్టు. యూట్యూబ్‌లో చూసి, కిరాణా కొట్లో చైనా గ్రాస్ (జెల్లీలా గడ్డకట్టే అగర్) కొనుక్కొచ్చింది. దాన్ని చికెన్ ఉడికించిన నీళ్లలో కరిగించి, కాస్త చక్కెర వేసి, ఆరు చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పోసింది. దూది పుల్లతో బస్సులో పట్టుకునే రాడ్డు, నా ఫోను, వాళ్ల నాన్న బండి హ్యాండిల్, బడి కుళాయి, పది రూపాయల నోటు, మా బాత్రూం గడియ తుడిచి ఒక్కో డబ్బాలో రాసింది. వెచ్చగా ఉంటుందని అన్నీ ఫ్రిజ్ మీద స్టెబిలైజర్ పక్కన పెట్టింది.

ఇవాళ నాలుగో రోజు. నోటు డబ్బాలో ఆవగింజలంత పసుపు చుక్కలు లేచాయి. గడియ డబ్బాలో తెల్లగా జిగురు మచ్చ, దాని పక్కనే నల్లటి నూగు. పొద్దున నేనే మూత తీసి చూశాను, కుళ్లిన వాసన. రేపు వాటి మీద యాంటీబయాటిక్ మాత్రలు పొడి చేసి వేసి, ఏది చస్తుందో చూస్తానంటోంది. గైడ్ టీచర్ "బాగుంది, చెయ్యి" అన్నారట.

మా అత్తయ్యగారికి 74 ఏళ్లు, షుగర్ ఉంది. ఆవిడ పొద్దున పాలగిన్నె తీసేది ఆ ఫ్రిజ్‌లోంచే. నాకు టెన్షన్‌గా ఉంది. పిల్ల ఉత్సాహం చూస్తే వద్దని చెప్పడానికి నోరు రావడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.


బయాలజీ_మాస్టారు (పాలకొల్లు), శుక్రవారం రాత్రి 10:25

అమ్మా, ముందు ఒక్క పని చేయండి. ఆ డబ్బాల మూతలు ఇంకెవరూ తీయకుండా చుట్టూ టేపు వేసేయండి. మీరు మూత తీసిన చేతులు సబ్బుతో కడుక్కునే ఉంటారు. ఆ స్టెబిలైజర్, ఫ్రిజ్ పైభాగం కూడా ఒకసారి తుడవండి. కంగారు పడాల్సిందేమీ లేదు, కానీ ఆ డబ్బాలు ఇంట్లో ఉండకూడదు.

ఎందుకో చెబుతాను. గడియ మీద ఉన్నప్పుడు ఆ క్రిములు పదో, వందో. మన చర్మం, కడుపు వాటిని తట్టుకుంటాయి. చికెన్ రసం, చక్కెర, వెచ్చదనం దొరికాక ఒక్క చుక్కలోనే కోట్లు అవుతాయి. అందులో ఏ రకం ఉందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. రోజూ ముట్టుకునే గడియే కదా అనిపిస్తుంది. డబ్బాలో పెరిగింది మాత్రం వేరే లెక్క.

యాంటీబయాటిక్ సంగతి ఇంకా ముఖ్యం. పేరు తెలియని బ్యాక్టీరియా మీద అంచనాగా మందు చల్లితే బలహీనమైనవి చచ్చి, మందుకి లొంగనివి మిగులుతాయి. ఆ మిగిలినవే మళ్లీ పెరుగుతాయి. అది ఇంట్లో చేసే పని కాదు, బళ్లో చేసే పని కూడా కాదు. పాపకి ఈ మాట ఇలాగే చెప్పండి, అర్థం చేసుకుంటుంది.


గోదారి_అమ్మ, శుక్రవారం రాత్రి 10:50

థాంక్యూ మాస్టారూ. టేపు వేశాను. డబ్బాలు ఇప్పుడు బాల్కనీలో ఒక బకెట్‌లో ఉన్నాయి. చెత్తబండిలో వేసేయనా? యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిపి పోస్తే అన్నీ చచ్చిపోతాయని పక్కింటావిడ అంటున్నారు.


కెమిస్ట్రీ_మేడం (ఖమ్మం), శుక్రవారం రాత్రి 10:58

ఆ రెండూ కలపకండి! బాత్రూం యాసిడ్‌కి బ్లీచింగ్ పౌడర్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసి ఉన్న బాల్కనీలోనో బాత్రూంలోనో నాలుగు పీల్పులకే ఊపిరి ఆడదు. దయచేసి పక్కింటావిడకీ చెప్పండి, చాలా ఇళ్లలో బాత్రూం కడిగేటప్పుడు ఇదే చేస్తారు.


బయాలజీ_మాస్టారు, శుక్రవారం రాత్రి 11:05

మేడం సమయానికి చెప్పారు. చెత్తబండి కూడా వద్దమ్మా, అది ఎత్తే మనిషి చేతుల్లో పగులుతుంది. టేపు తీయకుండా రెండు కవర్లలో కట్టి, మీ ఊళ్లో మైక్రోబయాలజీ ఉన్న ఏ డిగ్రీ కాలేజీకైనా తీసుకెళ్లండి. అక్కడ ఆటోక్లేవ్ అని పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది ఉంటుంది, అందులో 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో 20 నిమిషాలు పెడితే అంతా చస్తుంది. ఆ తర్వాత మామూలు చెత్తే. లెక్చరర్‌ని అడిగితే కాదనరు. పాపనీ వెంట తీసుకెళ్లండి, ఒక అసలైన ల్యాబ్ చూసినట్టుంటుంది.


డాలస్_నాన్న (టెక్సాస్, సొంతూరు తెనాలి), శనివారం ఉదయం 7:15

మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్లో రెండేళ్లుగా సైన్స్ ఫెయిర్‌కి వెళ్తున్నాడు. ఇక్కడి పెద్ద పోటీ ఐసెఫ్, దేశదేశాల హైస్కూలు పిల్లలు వచ్చే సైన్స్ ఫెయిర్. 1950లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. మన దేశం నుంచి కూడా ఐరిస్ పోటీలో ఎంపికైన పిల్లలు దానికి వస్తుంటారు. ఐసెఫ్ నిబంధనల పుస్తకంలో మీ పాప ప్రాజెక్టు గురించి అచ్చంగా ఉంది. ఇంట్లో సూక్ష్మజీవులను పెంచడం పూర్తిగా నిషేధం. నమూనా ఇంట్లోంచి తీసుకోవచ్చు, వెంటనే ల్యాబ్‌కి చేర్చాలి. ఏ రకమో తెలియని క్రిముల్ని మూత తీయకుండా, బయటినుంచి చుక్కలు లెక్కపెట్టి, అలాగే ఆటోక్లేవ్ చేసేస్తే అది మొదటి స్థాయి ల్యాబ్‌లో, అంటే మామూలు జాగ్రత్తలున్న ల్యాబ్‌లో చేయొచ్చు. మూత తీశారా, ఇంకా కట్టుదిట్టమైన రెండో స్థాయి ల్యాబ్ కావాలి. అంటే మొత్తం తేడా ఆ మూత దగ్గరే ఉంది. మాస్టారు రాత్రి ముందుగా టేపు వేయమన్నది అందుకే.

మేం దెబ్బతిన్న సంగతి కూడా చెబుతాను. మొదటి ఏడాది మావాడు "పరీక్షల ముందు ఎన్ని గంటలు నిద్రపోతారు" అని తన క్లాసులో ముప్ఫై మందిని అడిగి లెక్కలు తీశాడు. సర్వేనే కదా, ఇందులో ప్రమాదం ఏముంది అనుకున్నాం. మనుషుల్ని ఏ ప్రశ్న అడగాలన్నా ముందే ఒక కమిటీ ఒప్పుకోవాలని మాకు తెలియదు. ఒక టీచరు, ఒక స్కూలు అధికారి, వైద్యంలోనో మానసిక ఆరోగ్యంలోనో పనిచేసే ఒకరు, తక్కువలో తక్కువ ఈ ముగ్గురు అందులో ఉండాలి. పద్దెనిమిది లోపు పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం అవసరమా కాదా అన్నదీ వాళ్లే తేలుస్తారు. వాడు డేటా సేకరించాక కాగితాలు పట్టుకెళ్లాడు. తీసుకోలేదు. మూడు నెలల పని పోయింది. ఆ రోజు కారులో ఇంటికొచ్చేదాకా వాడు ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకే చెబుతున్నాను, అనుమతి అన్నది ప్రయోగానికి ముందు. ప్రదర్శన రోజున కాదు.


రిటైర్డ్_హెచ్ఎం (శ్రీకాకుళం జిల్లా), శనివారం ఉదయం 9:30

అందరి మాటలూ చదివాను. తప్పని అనను. కానీ నా ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో చూసింది చెప్పాలి.

మన బళ్లలో సైన్స్ ఫెయిర్ అంటే థర్మాకోల్ మీద రంగులు వేసిన డ్యామ్, బ్యాటరీకి కట్టిన ఎల్ఈడీ బల్బులు, పిల్లాడు బట్టీపట్టిన మూడు పేరాల ఇంగ్లీషు. మోడల్ చేసింది బజార్లో స్టేషనరీ షాపువాడు. ఈ మధ్య ఎక్కడో ఒక పాప నిజంగా ప్రశ్న వేసుకుని, నిజంగా దూది పుల్ల పట్టుకుని బస్సెక్కింది. ఆ పిల్లకి మనం మొదట చెప్పిన మాట "వద్దు" అన్నదే. అమెరికా ఫారాలు, కమిటీలు మన మండలాల్లోకి తెస్తే ఏమవుతుందో నాకు తెలుసు. టీచరు "ఎందుకొచ్చిన గొడవ" అని మళ్లీ థర్మాకోల్ డ్యామే చేయిస్తాడు. చాలా బళ్లలో ల్యాబ్ గదికి తాళం తీసి ఏళ్లయింది. ఆటోక్లేవ్ ఎక్కడుంది? రెండో స్థాయి ల్యాబ్ ఎక్కడుంది?

బాలల సైన్స్ కాంగ్రెస్ 1993లో మొదలైన కొత్తలో మా పిల్లల్ని ఊరి సమస్యల మీదకి పంపేవాణ్ణి. చెరువు నీళ్లు, పొలం పురుగులు, ఇళ్లలో పొయ్యి పొగ. ఏ ఫారమూ లేదు. ఒక లాగ్‌బుక్కు, ఒక పెన్సిలు. ఆ పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు ఫిజిక్స్ చెబుతున్నారు.


కెమిస్ట్రీ_మేడం, శనివారం ఉదయం 10:40

మాస్టారూ, మీ బాధ నాకు అర్థమైంది. థర్మాకోల్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. కానీ నేను చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పాలి, ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ప్రతి ఫెయిర్‌లోనూ మా స్టాల్ అగ్నిపర్వతమే. మట్టితో కొండ, నడుమ గుంట, అందులో అమ్మోనియం డైక్రోమేట్ నారింజ రంగు స్ఫటికాలు. మెగ్నీషియం రిబ్బను ముక్క గుచ్చి వెలిగిస్తే చాలు. నిప్పురవ్వలు చిమ్ముతూ ఆకుపచ్చటి బూడిద పువ్వులా పొంగుకొస్తుంది. చూడటానికి అంత అందమైన ప్రయోగం ఇంకోటి లేదు. ఫ్యాను గాలికి ఆ బూడిద ఎగిరి ముందు వరసలో కూర్చున్న ఆడపిల్లల జడల మీద, టిఫిన్ డబ్బాల మీద పడేది. నేను నవ్వుతూ దులిపేదాన్ని. సాయంత్రం మిగిలిందంతా చేత్తో ఎత్తి సింకులో పోసేదాన్ని.

ఆకుపచ్చ బూడిదతో పెద్ద ప్రమాదం లేదు. కానీ కాలకుండా మిగిలిన నారింజ పొడి కూడా దాంతోపాటే ఎగురుతుంది. అందులో ఉండేది ఆరో స్థితి క్రోమియం. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి గ్రూపులో పెట్టింది. ఈ సంగతి నాకు ఎనిమిదేళ్ల తర్వాత ఒక ట్రైనింగులో తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ జడలే కళ్ల ముందు కనపడ్డాయి.

అప్పుడు నన్నెవరైనా "మేడం, ఈ పొడి ఏమిటి, ఎగిరితే ఏమవుతుంది, మిగిలింది ఎక్కడ పోస్తారు" అని అడిగి ఉంటే నేను వెతికి చూసేదాన్ని. ఎవరూ అడగలేదు. జడ్జీలు మార్కులు వేశారు, రెండుసార్లు మొదటి బహుమతి కూడా ఇచ్చారు. నేను కోరుకునేది ఆ మూడు ప్రశ్నలు అడిగే మనిషిని. ఫారం ఉన్నా లేకపోయినా నాకు ఒకటే.

మీలో ఎవరి ల్యాబ్‌లో అయినా ఆ సీసా ఉంటే సింకులో పోయకండి. మూత బిగించి, పేరు రాసిన కాగితం అంటించి, తాళం వేసి పెట్టండి. పాదరసం సీసాలకీ ఇదే మాట. వాటిని పారేసే దారి పై కాలేజీ కెమిస్ట్రీ విభాగాన్ని అడగండి. అగ్నిపర్వతం కావాలంటే వంట సోడా, వెనిగర్, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. వెనిగర్ ఎంత పోస్తే నురగ ఎంత ఎత్తు లేస్తుందో స్కేలుతో కొలిపించండి, అది ప్రయోగం అవుతుంది.


ల్యాబ్_టెక్నీషియన్ (కరీంనగర్), శనివారం మధ్యాహ్నం 1:20

మేడం చెప్పింది చదివాక నాకూ ఒకటి రాయాలనిపించింది. ఫెయిర్లలో "ఉచిత బ్లడ్ గ్రూపింగ్" స్టాల్ చూసే ఉంటారు. మూడు సీసాలు ఉంటాయి. యాంటీ ఏ, యాంటీ బీ, యాంటీ డీ. పదో తరగతి పిల్లలు తెల్ల కోట్లు వేసుకుని వచ్చినవాళ్ల వేలికి సూది గుచ్చుతుంటారు. నిరుడు మా తమ్ముడి కొడుకు బడిలో చూశాను. సూది ఎవరికి వారికి కొత్తదే, అంతవరకు మంచిదే. కానీ పిల్లలకి గ్లవ్స్ లేవు. గాజు స్లైడ్లు ఒక మగ్గు నీళ్లలో ముంచి, అదే గుడ్డతో తుడిచి మళ్లీ వాడుతున్నారు. వాడిన సూదులు టేబుల్ కింద అట్టపెట్టెలో. ఒక చిన్నపిల్ల ఆ పెట్టె పక్కన కూర్చుని ఐస్‌క్రీం తింటోంది.

హెపటైటిస్ బీ వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతికుంటుంది. మేం ల్యాబ్‌లో ప్రతి రక్తపు చుక్కనీ జబ్బున్న చుక్క అనుకునే పట్టుకుంటాం, మాకు నేర్పిందే అది. పదిహేనేళ్ల పిల్లాడికి అది ఎవరు నేర్పారు? నేను వెళ్లి టీచర్‌కి చెబితే "సార్, జనం లైను కడుతున్న స్టాల్ ఇదే" అన్నారు.

గ్రూపింగ్ చూపించాలంటే రక్తం అక్కర్లేదు. పాలలో ఎర్ర రంగు కలిపి ఒక గిన్నెలో, నీళ్లలో అదే రంగు కలిపి ఇంకో గిన్నెలో పెట్టండి. రెండిటిలో వెనిగర్ చుక్కలు వేస్తే పాలు గడ్డలు కడతాయి, నీళ్లు కట్టవు. ఆ సీసాల్లో ఉండే యాంటీబాడీ తగిలితే రక్తకణాలు గుంపుకట్టడం అంటే ఏమిటో చూసేవాళ్లకి కంటికి కనపడుతుంది.


పదోక్లాస్_నల్గొండ, శనివారం సాయంత్రం 5:05

సార్, నాకు ఒక డౌట్. నేను సర్ఫ్ నీళ్లు చెరువులో కలిస్తే చేపలు ఏమవుతాయి అని చేస్తున్నాను. నాలుగు గాజు సీసాల్లో గప్పీ చేపలు వేసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదులో సర్ఫ్ కలిపి ఎన్ని గంటలకి చనిపోతాయో రాయాలి. ఇంకా మొదలుపెట్టలేదు. ఇది చేయొచ్చా?


బయాలజీ_మాస్టారు, శనివారం సాయంత్రం 6:30

నాన్నా, మొదలుపెట్టకముందే అడిగావు, చాలా మంచి పని చేశావు. చేపలతో వద్దు. నీ ప్రశ్న మంచిదే, కానీ ఇందులో చేప చావడమే నీ కొలత అయిపోయింది. వెన్నెముక ఉన్న ఏ ప్రాణినైనా చంపడం కోసం ప్రయోగం పెట్టడాన్ని ఐసెఫ్ లాంటి పోటీలు ఒప్పుకోవు. వేరే పద్ధతిలో చేసినా నూటికి 30 చేపలు చనిపోతే ఆ ప్రాజెక్టు చెల్లదు. పోటీ సంగతి పక్కన పెట్టినా, చేప ఊపిరాడక నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంటే నువ్వు గడియారం చూస్తూ కూర్చోవాలి. నీకూ మనసొప్పదు.

అదే ప్రశ్న ఉల్లిపాయని అడుగు. చిన్న ఉల్లిపాయలు తీసుకుని, పాత వేళ్లు గీకేసి, అడుగుభాగం మాత్రం నీటికి తగిలేలా గ్లాసుల మీద పెట్టు. ఒక వరసకి మంచినీళ్లు, మిగతావాటికి లీటరుకి 0.1 గ్రాము, 0.5 గ్రాము, 1 గ్రాము సర్ఫ్. మోతాదుకి ఐదేసి ఉల్లిపాయలు. రోజూ నీళ్లు మార్చు, ఐదో రోజు ప్రతి పాయలో పొడవైన ఐదు వేళ్లు స్కేలుతో కొలువు. నీళ్లలో కలిసిన విషాన్ని పసిగట్టడానికి శాస్త్రవేత్తలు కూడా ఉల్లి వేళ్లని వాడతారు. నీకు వంద కొలతలు వస్తాయి. చేపలతో నాలుగే వచ్చేవి.


పదోక్లాస్_నల్గొండ, శనివారం సాయంత్రం 6:42

వంద కొలతలా! సరే సార్. ఉల్లిపాయలే చేస్తా. చేపలు అక్కకి ఇచ్చేస్తా.


లైన్‌మన్_గుంటూరు, శనివారం రాత్రి 8:15

నేను సైన్స్ చదవలేదు, కరెంటు పని తెలుసు. మా పాప బడి ఫెయిర్‌లో కరెంటు పనులకి నన్ను పిలుస్తారు. నేను చూసేది ఒకటే. స్టాల్‌లో ప్లగ్గులోంచి వైరు నేరుగా మోడల్‌లోకి పోయిందంటే ఆపేస్తాను. మోడల్ వీధిదీపాలకి 230 వోల్టులు ఎందుకు? ఎల్ఈడీలకి బ్యాటరీలు చాలు, లేదా ఫోన్ ఛార్జర్ ఇచ్చే 5 వోల్టులు చాలు. టేబుళ్ల మీద తడిగుడ్డ ఉంటుంది, నీటి మోడల్ పక్క స్టాల్‌లోనే ఉంటుంది. వైరు జాయింటుకి సెల్లోటేపు చుట్టి ఉంటుంది, అది ఎండకి విడిపోతుంది. హాలు మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఉందో లేదో ముందు రోజే చూడండి, టెస్ట్ బటన్ నొక్కి చూడండి. బటన్ నొక్కితే పడని ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టే.

ఇంకొకటి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి అందులోని సెల్లులతో ఎలక్ట్రిక్ సైకిల్ చేస్తున్నారు పిల్లలు. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులే, కానీ ప్లస్, మైనస్ కలిస్తే ఎర్రగా కాలి మంట వస్తుంది. ఆ మంట నీళ్లు చల్లినా ఆగినట్టే ఆగి మళ్లీ లేస్తుంది. సెల్లులకి కాపలా కాసే బోర్డు లేకుండా కట్టనివ్వకండి. పాత మైక్రోవేవ్ ఓవెన్‌లోంచి ట్రాన్స్‌ఫార్మర్ తీసి చెక్క మీద మెరుపు బొమ్మలు కాల్చే వీడియోలు చూసి చేస్తామంటే ఇంట్లోకే రానివ్వకండి. దాంట్లోంచి వచ్చేది రెండు వేల వోల్టులు. పని తెలిసిన పెద్దవాళ్లే దాంతో చచ్చిపోయారు.


రిటైర్డ్_హెచ్ఎం, ఆదివారం ఉదయం 6:50

రాత్రంతా ఆలోచించాను. డాలస్ బాబు సర్వే గురించి చెప్పినప్పుడు అమెరికా గోల అనుకున్నాను. తెల్లవారుజామున ఒక విషయం గుర్తొచ్చింది.

మా ఉద్దానం సంగతి మీకు తెలుసు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఊరూరా కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఒక ఏడాది మా పిల్లలు ఆ ఊళ్లో తాగునీటి మీద సర్వే చేశారు. ప్రశ్నలు నేనే రాసిచ్చాను. "మీ ఇంట్లో కిడ్నీ జబ్బు ఎవరికైనా ఉందా, ఎన్నాళ్లుగా, డయాలసిస్ ఎన్నిసార్లు." ఒక ఇంట్లో ఒకావిడ రెండో ప్రశ్న దాకా చెప్పి, మూడోదానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. పది రోజుల క్రితమే భర్త పోయాడట. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ గుమ్మంలో పెన్సిళ్లు పట్టుకుని అలాగే నిలబడ్డారు. వాళ్లకి ఏం చెప్పాలో నాకూ తోచలేదు. మర్నాడు ఒక పిల్ల బడికి రాలేదు. వాళ్ల నాన్నకీ అదే జబ్బని అప్పుడు తెలిసింది.

ముందే ఊరి ఏఎన్ఎంనో, పీహెచ్‌సీ డాక్టరునో కూర్చోబెట్టి ఆ ప్రశ్నలు చూపించి ఉంటే ఆ మూడో ప్రశ్న కొట్టేసేవారు. ఏ ఇంటికి వెళ్లకూడదో చెప్పేవారు. అడిగే ముందు "చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకండి" అనమని పిల్లలకి నేర్పేవారు. ఆ కమిటీలో వైద్యం తెలిసిన మనిషి ఎందుకుండాలో నాకు ఇవాళ అర్థమైంది.

నా అభ్యంతరం ఒక్కటే మిగిలింది. అది ఇంగ్లీషులో పన్నెండు పేజీలు కాకూడదు. పల్లెటూరి బళ్లో పిల్లాడు తన చేత్తో రాయగలిగేది కావాలి.


కెమిస్ట్రీ_మేడం, ఆదివారం ఉదయం 8:30

మాస్టారూ, మీరు ఇది రాసినందుకు నమస్కారం.

మా బళ్లో నాలుగేళ్లుగా ఒక పేజీ రాయిస్తున్నాను. ఏ ఫారమూ కాదు, రూళ్ల కాగితం. నేను ఏం తెలుసుకోవాలనుకుంటున్నాను, ఏ వస్తువులు వాడతాను, అందులో కాలేది, కోసేది, షాక్ కొట్టేది, విషమైనది, ప్రాణం ఉన్నది ఏదైనా ఉందా, ఉంటే ఎవరు పక్కన ఉంటారు, అయిపోయాక మిగిలినదాన్ని ఏం చేస్తాను. తెలుగులోనే. కింద పిల్లాడి సంతకం, ఇంట్లోవాళ్ల సంతకం, నా సంతకం, తేదీ. తేదీ లేని కాగితాన్ని తీసుకోను, ఎందుకంటే ప్రయోగం అయిపోయాక రాసిన పేజీకి విలువ లేదు.

మొదటి ఏడాది పిల్లలు "ప్రమాదం ఏమీ లేదు" అని రాసేసేవారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి "స్పిరిట్ దీపంలో స్పిరిట్ అయిపోతే ఏం చేస్తావు" అని అడిగాను. "పోస్తాను మేడం." "దీపం వెలుగుతుండగానా, ఆర్పాకనా?" అక్కడ ఆగిపోయేవారు. వెలుగుతున్న దీపంలో స్పిరిట్ పోస్తే మంట సీసాలోకి పాకి మనిషి మీదకి చిమ్ముతుంది. అది వాళ్ల నోటితో వాళ్లే చెప్పాక మర్చిపోరు. "యాసిడ్ పలుచన చేసేటప్పుడు ఏది దేంట్లో పోస్తావు" అన్నా అంతే. నీళ్లలోనే యాసిడ్ పోయాలి, కొద్దికొద్దిగా.

కళ్లద్దాలు కొనడానికి డబ్బు లేదంటారు. కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మనక్‌లో ఐడియా ఎంపికైతే పిల్లల బ్యాంకు ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. మోడల్‌కి ఖర్చు పెట్టేముందు అందులోంచి కళ్లద్దాలు, గ్లవ్స్ కొనిపించండి. నేనైతే స్టాల్ పక్కన కుళాయి ఉందో లేదో కూడా చూస్తాను. చెయ్యి కాలితే 20 నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టాలి. మనవాళ్లు పరిగెత్తుకెళ్లి టూత్‌పేస్టు, ఇంకు పూస్తారు, అది వద్దు. యాసిడ్ కంట్లో పడితే కనురెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పావుగంట నీళ్లు పోస్తూ ఉండాలి. ఆ తర్వాతే ఆస్పత్రి, ఆటో.


గోదారి_అమ్మ, మరుసటి ఆదివారం సాయంత్రం 4:10

మీ అందరికీ మా ఇంటి కబురు చెప్పాలి.

సోమవారం పాపని తీసుకుని డిగ్రీ కాలేజీకి వెళ్లాను. మైక్రోబయాలజీ లెక్చరర్ డబ్బాల్ని కవర్లోంచి తీయకుండానే లైటు కింద పెట్టి, బయటినుంచే చుక్కలు లెక్కపెట్టించారు. నోటు డబ్బాలో 41, గడియ డబ్బాలో లెక్కకి అందలేదు. తర్వాత అన్నీ ఆటోక్లేవ్‌లో పెట్టారు. మూత బిగించడం, గేజీ ముల్లు పైకి పోవడం పాప కళ్లార్పకుండా చూసింది. ఇంటికొచ్చాక కాసేపు ఏడ్చింది. నాలుగు రోజుల కష్టం కదా.

రాత్రి మా అత్తయ్యగారు పాలు తోడు పెడుతుంటే "నానమ్మా, ఇదీ బ్యాక్టీరియానే కదా, దీన్ని ఎవరూ వద్దనరేం?" అని అడిగింది. అక్కడినుంచి కొత్త ప్రాజెక్టు పుట్టింది. చలికాలంలో పెరుగు ఎందుకు తోడుకోదు అన్నది ప్రశ్న. కెమిస్ట్రీ మేడం చెప్పిన ఒక పేజీ తనే రాసి, మా ఇద్దరి సంతకాలు పెట్టించి, తేదీ వేసి గైడ్ టీచర్‌కి ఇచ్చింది. ఆవిడ రెండుసార్లు చదివి, మిగతా పిల్లల చేత కూడా రాయిస్తానన్నారట.

మాస్టారూ, పెరుగు అయితే పర్వాలేదు కదా?


డాలస్_నాన్న, ఆదివారం రాత్రి 7:30

చాలా సంతోషంగా ఉంది అమ్మా. పెరుగు బ్యాక్టీరియా, రొట్టెల ఈస్ట్ లాంటివాటికి ఐసెఫ్‌లో కూడా మినహాయింపు ఉంది, పెట్రీ డిష్‌లో (క్రిముల్ని పెంచే ల్యాబ్ పళ్లెం) పెంచనంతవరకు. పాలలోనే ఉంచి చేయమనండి.


బయాలజీ_మాస్టారు, ఆదివారం రాత్రి 8:05

నిక్షేపంగా చేయొచ్చు. ఒకే ప్యాకెట్ పాలు, కాచి చల్లార్చినవి. ప్రతి గ్లాసులో 100 మిల్లీలీటర్లు, తోడు సరిగ్గా అర చెంచా. నాలుగు వేడిమిలు పెట్టుకోమనండి. ఫ్రిజ్‌లో ఒకటి, గదిలో ఒకటి, 42 డిగ్రీల నీళ్లున్న హాట్‌బాక్స్‌లో ఒకటి, 60 డిగ్రీల నీళ్లలో ఒకటి. ఒక్కోదానికి మూడు గ్లాసులు. హాట్‌బాక్స్ నీళ్లు చల్లారుతుంటాయి, గంటకోసారి థర్మామీటర్‌తో చూసి వేడినీళ్లు కలుపుతూ ఉండాలి. జ్వరం చూసే థర్మామీటర్ ఇక్కడ పనికిరాదు, ల్యాబ్‌ది బళ్లో అడగండి, గాజుది అయితే పాదరసం లేనిదే తీసుకోండి. గంటగంటకీ పీహెచ్ కాగితం (పులుపు ఎంతో రంగుతో చూపేది, అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) ముంచి రంగు రాయాలి. పాలు 6.6 దగ్గర మొదలై 4.6 దగ్గరికి వచ్చేసరికి గడ్డకడతాయి. 60 డిగ్రీల గ్లాసు తోడుకోకపోతే నిరాశ పడొద్దు, ఎందుకు తోడుకోలేదో అదే రాయాలి.

వేడినీళ్లు పోసేటప్పుడు మీరు పక్కన ఉండండి. పీహెచ్ కాగితం ముంచిన గ్లాసులోది ఎవరూ తినకూడదు, అత్తయ్యగారికి ముందే చెప్పండి.


గోదారి_అమ్మ, ఆదివారం రాత్రి 8:20

చెప్పాను మాస్టారూ. ఆవిడ తన తోడు గిన్నె వేరే అరలో పెట్టుకుని, పాప గ్లాసుల మీద మార్కర్‌తో "తినవద్దు" అని రాయించారు. మొదటి గ్లాసులు రేపు పొద్దున ఆరింటికి.